మౌలానా భాషానీ: మదరసా నుండి రైతు మైదానానికి

ధార్మిక విద్వత్తు, వామపక్ష రాజకీయం ఒకే ఒరలో ఇమడని రెండు కత్తులని చాలామంది అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని పరీక్షించదలచిన వారు బెంగాల్ రైతు నాయకుడు మౌలానా అబ్దుల్ హమీద్ ఖాన్ భాషానీ జీవితాన్ని పరిశీలించవలసి ఉంటుంది. ఆయనను "ఎర్ర మౌలానా" అని ప్రపంచ పత్రికలు పిలిచాయి. రైతులకు మాత్రం ఆయన తమలాగే లుంగీ కట్టి, తాటాకు టోపీ ధరించిన పెద్దమనిషి.

ఆయన 1880లో నాటి పాబ్నా జిల్లా సిరాజ్‌గంజ్ ప్రాంతంలోని ధన్‌గరా గ్రామంలో జన్మించారు. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయారు. 1907 నుండి రెండేళ్లు దేవ్‌బంద్‌లో గడిపారు. షేఖుల్ హింద్ మౌలానా మహ్మూదుల్ హసన్ వంటి ఉలమా బ్రిటిష్ వ్యతిరేక భావాలు ఆయనపై గాఢమైన ముద్ర వేశాయి. తర్వాత టాంగైల్ సమీపంలోని కాగ్‌మారిలో ఉపాధ్యాయుడయ్యారు. జమీందార్ల అప్పుల్లో కూరుకుపోయిన రైతుల దుస్థితిని అక్కడ కళ్లారా చూశారు. ఖిలాఫత్, సహాయ నిరాకరణోద్యమాలలో పాల్గొని జైలుకు వెళ్లారు.

జీవిక కోసం బెంగాల్ రైతులు అస్సాంకు వలసపోతున్న కాలమది. మౌలానా కూడా అక్కడికే చేరారు. బ్రహ్మపుత్ర నదిలోని భాసాన్ చర్ అనే ఇసుక దిబ్బపై రైతు మహాసభ జరిపారు. "భాషానీ" అన్న పేరు ఆ దిబ్బ నుండే వచ్చింది. వలస రైతులు ఫలానా గీత దాటి నివసించరాదని కట్టడి చేసే "లైన్ పద్ధతి"కి వ్యతిరేకంగా ఆయన దీర్ఘకాలం పోరాడారు. 1937లో ముస్లిం లీగ్ పక్షాన అస్సాం శాసనసభకు ఎన్నికయ్యారు. 1944లో ఆ రాష్ట్ర లీగ్ అధ్యక్షులయ్యారు.

పాకిస్తాన్ ఏర్పడితే పేదవానికి న్యాయం జరుగుతుందని నమ్మిన మౌలానాకు త్వరలోనే ఆశాభంగం కలిగింది. 1949 జూన్ 23న ఢాకాలో అవామీ ముస్లిం లీగ్ స్థాపించి అధ్యక్షులయ్యారు. 1952 భాషోద్యమంలో నిలబడి జైలు పాలయ్యారు. 1954 ఎన్నికలలో ఆయన, ఫజ్లుల్ హక్, సుహ్రావర్దీ కలిసి నడిపిన ఐక్య సంఘటన 237 ముస్లిం స్థానాలలో 223 గెలుచుకున్నది. మరుసటి సంవత్సరం పార్టీ పేరు నుండి "ముస్లిం" పదం తొలగింది. పార్టీ ద్వారాలు అన్ని మతాల వారికీ తెరుచుకున్నాయి.

అయితే సుహ్రావర్దీ ప్రధాని అయి అమెరికా సైనిక కూటములను సమర్థించినప్పుడు మౌలానా మౌనం వహించలేదు. 1957 ఫిబ్రవరిలో కాగ్‌మారి మహాసభలో, తూర్పు బెంగాల్ దోపిడీ ఆగకపోతే పశ్చిమ పాకిస్తాన్‌కు "అస్సలాము అలైకుమ్" చెప్పవలసి వస్తుందని హెచ్చరించారు. శాంతిని కోరే పలకరింపే అక్కడ వీడ్కోలుగా మారింది! అదే జూలైలో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ ప్రభృతులతో కలిసి నేషనల్ అవామీ పార్టీ స్థాపించారు.

ఆయన రాజకీయాలలో లోపాలు లేకపోలేదు. చైనాపై అభిమానంతో అయూబ్ ఖాన్ పట్ల కొంతకాలం మెతకగా వ్యవహరించారన్న విమర్శ ఉంది. 1967లో పార్టీ చీలింది. 1969 ప్రజా తిరుగుబాటులో ముందు నిలిచిన నాయకుడే 1970 ఎన్నికలను బహిష్కరించారు. ఫలితంగా రైతులలో ఆయనకున్న పలుకుబడికి శాసనసభలో స్థానం దక్కలేదు. స్వతంత్ర బంగ్లాదేశ్‌లోనూ ప్రభుత్వ విమర్శకుడిగానే మిగిలారు.

కమ్యూనిస్టులతో కలిసి పనిచేసినా ఆయన కమ్యూనిస్టు పార్టీలో చేరలేదు. ఆయన ఆలోచనకు మూలం "రుబూబియ్యత్". అల్లాహ్ సమస్త సృష్టికీ పోషకుడు. ఆయన ప్రసాదించిన భూమి, నీరు కొందరి గుత్తసొత్తు కారాదు. ఈ ప్రాతిపదికపైనే "హుకూమతె రబ్బానియా" అనే పాలనను ఆయన ఆశించారు. దానికి స్పష్టమైన రాజ్యాంగ రూపం ఇవ్వలేకపోయారు. కానీ తౌహీద్‌ను రైతు ఆకలితో ముడిపెట్టి చూపారు.

1976 మే 16న, తొంభై అయిదేళ్ల వయసులో, అనారోగ్యంతో ఉండి కూడా, ఫరక్కా ఆనకట్ట వల్ల గంగాజలం తగ్గిపోతున్నదని నిరసిస్తూ రాజ్‌షాహీ నుండి మహాయాత్ర సాగించారు. అది బయలుదేరింది మదరసా మైదానం నుండే. ఆ నవంబరు 17న కన్నుమూశారు. టాంగైల్‌లోని సంతోష్‌లో ఆయన సమాధి ఉంది.

ఏడు దశాబ్దాల ప్రజాజీవితంలో మౌలానా ఎన్నో పార్టీలను స్థాపించారు, విడిచారు. ఆయన విడవనిది ఒక్క రైతు పక్షాన్నే. విద్వాంసుని స్థానం పాలకుని దర్బారులోనా, పీడితుని పక్కనా అన్న పాత ప్రశ్నకు ఆయన జీవితమే జవాబు.