మచిలీపట్నం: కట్టడాలు, చారిత్రక ఘట్టాలు

మచిలీపట్నం కృష్ణా జిల్లా ముఖ్యపట్టణం, బంగాళాఖాతపు తీరాన పాత ఓడరేవు. జనం వాడుకలో బందరు. పారశీకంలో బందరు అంటే రేవు. రేవు చితికిపోయినా పేరు మాత్రం నిలిచింది. విజయవాడలో ప్రధాన వీధికి మహాత్మా గాంధీ పేరు పెట్టి ఎన్నాళ్ళయినా ఆటోవాళ్ళకు అది ఇంకా బందరు రోడ్డే.

క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్ ఈ సీమను మసాలియాగా పేర్కొని ఇక్కడి నూలుబట్టలను ప్రస్తావించింది. తరువాతి వెయ్యిన్నర ఏళ్ళలో శాతవాహనులు మొదలు గజపతుల వరకు పలువురు ఈ తీరాన్ని ఏలారు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు దశ తిరిగింది. రాజ్యానికి ముఖ్యమైన సముద్రద్వారం ఇదే. ఓడలు ఒడ్డుదాకా రాలేవు. దాదాపు ఐదు మైళ్ళ దూరాన లంగరు వేస్తే సరుకును పడవల మీద చేరవేసేవారు. ఇంత అవస్థ పడి వర్తకులు వచ్చింది ప్రధానంగా అద్దకపు బట్టల కోసం. ఆ పనితనం నేటికీ పక్కనున్న పెడనలో కనిపిస్తుంది. గుడ్డను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో రోజుల తరబడి నానబెడితే నల్లరంగుకు కావలసిన ద్రవం దిగుతుంది. టేకు అచ్చుతో దాన్ని గుడ్డ మీద అద్దగానే కరక్కాయ పట్టిన చోట నలుపు తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, చిరివేరు వేసిన నీళ్ళలో ఉడకబెట్టేవారు. నడుమ నడుమ పారే నీటిలో జాడించాలి. కాలువలు లేకుంటే ఈ పనే లేదు. పారశీకుల అభిరుచికి తగ్గట్టు తీగలు, పూలు దిద్దిన ఈ బట్టలే కలంకారీ అయ్యాయి. కాళహస్తిలో కలంతో రాస్తే, బందరులో అచ్చుతో అద్దుతారు.

డచ్చివారు 1605లో వచ్చి వర్తకశాల పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఆంగ్లేయులు దిగారు. కోరమండల్ తీరంలో వారి మొదటి స్థిరమైన వర్తకశాల ఇదే. స్థానిక అధికారులతో తగాదాలు, డచ్చివారి పోటీ వారిని కొత్త చోటు వెతుక్కునేలా చేశాయి. 1639లో ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే మద్రాసపట్నంలో కోట కట్టుకోవడానికి అనుమతి సంపాదించాడు. బందరు వర్తకశాల పెద్ద ఆండ్రూ కోగన్ అతనికి తోడుగా వెళ్ళాడు. 1641 నాటికి కంపెనీ ప్రధాన స్థానం అక్కడికి మారింది. చెన్నపట్నంగా పేరుపడిన ఆ ఊరు ఒక విధంగా బందరు బిడ్డే అనవచ్చు. బందరులోని డచ్చివారి శ్మశానంలో వంశచిహ్నాలు చెక్కిన సమాధిరాళ్ళు ఉన్నాయి. ఆ చెక్కడం నిండుగా, తీరుగా ఉంది.

1750లో ఫ్రెంచివారు పట్టణాన్ని పట్టుకున్నారు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర వారిని ఓడించిన ఆంగ్లేయ సేనాని కర్నల్ ఫోర్డు, విజయనగర ప్రభువు ఆనందరాజుతో కలిసి మరుసటి మార్చిలో బందరు కోటను ముట్టడించాడు. కోట చుట్టూ బురదనేల. ఒకవైపు సముద్రపు పాయ. లోపలి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ బలగమే ఎక్కువ. పైగా ఫ్రెంచివారి పక్షాన ఉన్న హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ సైన్యంతో సమీపానికి వచ్చాడు. ఫోర్డు దగ్గర డబ్బు, మందుగుండు నిండుకున్నాయి. అయినా ఏప్రిల్ 7 రాత్రి దాడికి తెగించాడు. ఒక దళం బురదలోంచి వెళ్ళి రక్షకుల దృష్టిని మళ్ళించగా, అసలు దళాలు మరోచోట బురుజులెక్కాయి. తెల్లవారేసరికి కోట లొంగింది. మరుసటి నెలలో సలాబత్ జంగ్ బందరు, నిజాంపట్నం పరగణాలను కంపెనీకి ఇచ్చాడు. ఉత్తర సర్కారులనే ఈ తీరప్రాంతంలో ఫ్రెంచివారి పలుకుబడి ఇక్కడితో తెగింది. ఆ కోటలో ఇప్పుడు ఇటుక గోడలు, పాడుబడిన ఆయుధాగారం మిగిలాయి.

1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెనగా మారింది. మామూలు పోటు మట్టం కంటే పదమూడు అడుగుల ఎత్తున నీరు ఊరిమీదికి వచ్చింది. దాదాపు 30,000 మంది మరణించారు. ఉప్పునీరు ఎక్కిన పొలాలు కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. కోట ఆ తరువాత మళ్ళీ నిలదొక్కుకోలేదు. మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది.

వర్తకం తగ్గిన ఊరికి చదువు ఊతమయింది. రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి నోబుల్ కళాశాలగా ఎదిగింది. 1902లో కృష్ణాపత్రిక మొదలయింది. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది తెలుగు వచనానికి ఒక గాంభీర్యం తెచ్చింది. కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. వంగదేశపు చిత్రకారుడు ప్రమోద్‌కుమార్ చటర్జీ ఇక్కడ బొమ్మలు నేర్పాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. ఇక్కడే అధ్యాపకుడిగా పనిచేసిన పింగళి వెంకయ్య, జాతీయ పతాకం నమూనాలతో 1916లో ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. పట్టాభి 1923 నవంబరులో లక్ష రూపాయల మూలధనంతో నెలకొల్పిన ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయింది.

1977 నవంబరు 19న సమీపంలోని దివిసీమను ముంచిన ఉప్పెన బందరుకూ నష్టం చేసింది. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు, బందరు లడ్డు నేటికీ ఊరి పేరును మోస్తున్నాయి. మంగినపూడి సమీపంలో కొత్త ఓడరేవు పనులకు 2023 మే 22న శ్రీకారం చుట్టారు.