మొటిమల ట్రీట్‌మెంట్: క్రీమ్ నుంచి లేజర్ దాకా.. ఏ మొటిమకు ఏ చికిత్స? స్కిన్ క్లినిక్‌కి వెళ్లే ముందే ఇవి తెలుసుకోండి!

మొహం మీద ఒక్క మొటిమ కనిపిస్తే చాలు.. ముందు అద్దం, తర్వాత ఫోన్‌లో వీడియోలు, ఆ తర్వాత వీధి చివర మెడికల్ షాప్. చాలామంది వెళ్లే రూట్ ఇదే. టూత్‌పేస్ట్ రాస్తారు, నిమ్మకాయ రుద్దుతారు, ఫ్రెండ్ వాడిన క్రీమ్ తెచ్చుకుంటారు. ఏదీ పనిచేయక చివరికి స్కిన్ క్లినిక్ మెట్లెక్కితే అక్కడ పీల్, లేజర్, మైక్రోనీడ్లింగ్ అంటూ ప్యాకేజీల లిస్ట్ చేతికొస్తుంది. ఏది అవసరం, ఏది అనవసరం అన్నది మాత్రం తెలియదు. ఆలస్యమైతే మొటిమలు తగ్గినా గుంటలు మిగిలిపోతాయి. తప్పు మందు పడితే ఉన్న సమస్య రెట్టింపవుతుంది. అందుకే డాక్టర్లు ఇచ్చే చికిత్సలు ఏంటి, ఏది ఎప్పుడు వాడతారు, ఎంతకాలం పడుతుంది అన్నది వివరంగా చూద్దాం.

అసలు మొటిమ ఎందుకొస్తుంది?

చర్మంలోని వెంట్రుక కుదుళ్ల దగ్గర నూనె గ్రంథులు ఉంటాయి. టీనేజ్‌లో హార్మోన్ల వల్ల ఈ గ్రంథులు ఎక్కువ నూనె వదులుతాయి. మృతకణాలు ఆ నూనెతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల క్యూటిబ్యాక్టీరియం ఆక్నేస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దానికి శరీరం స్పందించడంతో ఎరుపు, వాపు, చీము వస్తాయి. అంటే నూనె, మూసుకుపోయిన రంధ్రం, బ్యాక్టీరియా, వాపు.. ఈ నాలుగే అసలు కారణాలు. చాలా మందులు వీటిలో కొన్నింటి మీదే పనిచేస్తాయి. అందుకే డాక్టర్లు తరచూ రెండు మందులు కలిపి ఇస్తారు. మొహం శుభ్రంగా లేకపోవడం వల్లే మొటిమలు వస్తాయన్నది అపోహ. రోజుకు రెండుసార్లు మైల్డ్ ఫేస్‌వాష్‌తో కడిగితే సరిపోతుంది. గట్టిగా రుద్దితే మంట ఇంకా పెరుగుతుంది.

డాక్టర్ ముందుగా ఏం చూస్తారు?

మొటిమలన్నీ ఒకటి కాదు. నల్లగా, తెల్లగా చిన్న చుక్కల్లా ఉండే బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ తేలికపాటివి. ఎర్రటి గుల్లలు, చీము గుల్లలు మధ్యస్థం. చర్మం లోపల గట్టిగా, నొప్పిగా ఉండే గడ్డలు తీవ్రమైనవి. మచ్చలు, గుంటలు పడే అవకాశం వీటికే ఎక్కువ. మొహంతో పాటు వీపు, ఛాతీ కూడా చూస్తారు. మీరు వాడుతున్న క్రీములు, హెయిర్ ఆయిల్, ప్రోటీన్ పౌడర్, వేరే జబ్బులకు వేసుకునే టాబ్లెట్ల గురించి అడుగుతారు. ఏదీ దాచకుండా చెప్పండి. తలకు పట్టించిన నూనె నుదుటి మీదకు దిగి అక్కడ మొటిమలు రావడం మన దగ్గర మామూలే.

అమ్మాయిలకు పీరియడ్స్ సరిగ్గా రాకపోవడం, గడ్డం దగ్గర వెంట్రుకలు, బరువు పెరగడం లాంటివి ఉంటే పీసీఓఎస్ ఉందేమో అని టెస్టులు రాస్తారు. ఇంకో విషయం. నుదురు, వీపు, ఛాతీ మీద ఒకే సైజులో చిన్న గుల్లలు, వాటికి బాగా దురద ఉంటే అవి మొటిమలు కాకుండా ఫంగస్ వల్ల వచ్చినవి కావచ్చు. వాటికి యాంటీబయాటిక్ వాడితే తగ్గకపోగా పెరుగుతాయి. కాబట్టి ముందు అది మొటిమేనా అన్నది తేలాలి.

స్టెప్ 1: పైపూత మందులు

తేలికపాటి, మధ్యస్థ మొటిమలకు ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

* అడాపలీన్, ట్రెటినాయిన్: విటమిన్ ఏ నుంచి వచ్చిన మందులు. మూసుకుపోయిన రంధ్రాలను తెరుస్తాయి, కొత్తవి రాకుండా ఆపుతాయి. రాత్రిపూట, పొడి మొహం మీద, శనగగింజంత తీసుకుని మొహమంతా పల్చగా రాయాలి. మొటిమ మీద మాత్రమే చుక్కలా పెడితే ఉపయోగం లేదు. మొదటి రెండు మూడు వారాలు చర్మం పొడిబారడం, పొట్టు రాలడం ఉంటుంది. అప్పుడు రోజు విడిచి రోజు రాసి, పైన మాయిశ్చరైజర్ వాడొచ్చు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు వీటిని వాడకూడదు.
* బెంజాయిల్ పెరాక్సైడ్: బ్యాక్టీరియాను చంపుతుంది. 2.5 శాతంతో మొదలుపెడితే చాలు, శాతం పెరిగితే మంట కూడా పెరుగుతుంది. దిండు కవర్, టవల్ రంగు వెలిసిపోతుంది, జాగ్రత్త.
* క్లిండామైసిన్ జెల్: ఇది యాంటీబయాటిక్. ఒంటరిగా నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది. అందుకే దీన్ని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి ఇస్తారు.
* అజెలాయిక్ యాసిడ్: మొటిమలతో పాటు నల్లమచ్చలకూ పనిచేస్తుంది. గర్భిణులకు డాక్టర్లు రాసే వాటిలో ఇదొకటి.

చాలామంది చేసే పొరపాటు.. పది రోజులు రాసి 'పని చేయట్లేదు' అని ఆపేయడం. పైపూత మందు ఫలితం తెలియాలంటే కనీసం 8 నుంచి 12 వారాలు పడుతుంది.

స్టెప్ 2: టాబ్లెట్లు

ఎర్రటి, చీము మొటిమలు ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ టాబ్లెట్లు ఇస్తారు. వీటిని మూడు నాలుగు నెలలకు మించి కొనసాగించకూడదు. పైపూత మందు కూడా పక్కన ఉండాలి. డాక్సీసైక్లిన్ వేసుకున్నప్పుడు గ్లాసు నిండా నీళ్లు తాగాలి, వెంటనే పడుకోకూడదు. లేదంటే గొంతులో, ఛాతీలో మంట వస్తుంది. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది కూడా. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వరు. పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ కొనుక్కోవడం అసలు చేయొద్దు.

పెద్దవయసు మహిళల్లో దవడ, గడ్డం దగ్గర పీరియడ్స్ ముందు పెరిగే మొటిమలకు హార్మోన్ మందులు ఉపయోగపడతాయి. కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలు, స్పైరనోలాక్టోన్ ఈ కోవలోకి వస్తాయి. బీపీ, మైగ్రేన్, రక్తం గడ్డకట్టే సమస్య, సిగరెట్ అలవాటు ఉంటే ముందే చెప్పాలి.

ఐసోట్రెటినాయిన్: పవర్‌ఫుల్ మందు, నిబంధనలు కూడా అంతే

గడ్డల్లాంటి మొటిమలు, గుంటలు పడుతున్న మొటిమలు, మిగతా మందులకు లొంగని మొటిమలకు ఇది వాడతారు. అమెరికాలో 1982లో అనుమతి వచ్చింది. పైన చెప్పిన నాలుగు కారణాల మీదా పనిచేస్తుంది, నూనె గ్రంథులను కుదిస్తుంది. మొత్తం కోర్సు డోసును బరువును బట్టి లెక్కిస్తారు. కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు అన్నది ఎప్పటి నుంచో ఉన్న లెక్క. ఉదాహరణకు 60 కిలోల వ్యక్తికి రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే ఆరు నుంచి ఏడున్నర నెలలు. తక్కువ డోసు ఎక్కువ కాలం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది.

పెదాలు పగలడం దాదాపు అందరికీ ఉంటుంది. కళ్లు పొడిబారడం, కండరాల నొప్పులు కొందరికి వస్తాయి. లివర్, కొలెస్ట్రాల్ టెస్టులు చేయించాలి. కోర్సులో ఉన్నప్పుడు మూడ్ మారినా, దిగులుగా అనిపించినా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి, ఇంట్లోవాళ్లూ గమనించాలి. డాక్సీసైక్లిన్‌తో కలిపి వేసుకోకూడదు. కలిపితే పుర్రె లోపల ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. విటమిన్ ఏ టాబ్లెట్లు కూడా వద్దు. మొహానికి వ్యాక్సింగ్ చేయిస్తే చర్మం ఊడొస్తుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది: ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే మొదలుపెట్టే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించాలి. కోర్సుకు నెల ముందు నుంచి, కోర్సు అంతా, ఆపిన తర్వాత ఒక నెల వరకు గర్భం రాకుండా కచ్చితంగా జాగ్రత్త పడాలి. పెళ్లి దగ్గరపడిన అమ్మాయిలు 'మొహం క్లియర్ అవ్వాలి' అని దీన్ని మొదలుపెట్టడం మనం చూస్తుంటాం. పెళ్లి తేదీ ఎప్పుడన్నది డాక్టర్‌కు ముందే చెప్పాలి. మొహమాటం వద్దు. ఈ మందు వాడేవారు, ఆపిన నెల వరకు, మగవాళ్లయినా సరే రక్తదానం చేయకూడదు.

క్లినిక్‌లో చేసే ప్రొసీజర్లు: ఏవి ఎంతవరకు?

కెమికల్ పీల్: 20 నుంచి 30 శాతం సాలిసిలిక్ యాసిడ్, లేదా గ్లైకోలిక్ యాసిడ్‌తో చర్మం పైపొరను రాల్చుతారు. రెండు మూడు వారాలకో సిట్టింగ్ చొప్పున నాలుగు నుంచి ఆరు అవసరం కావచ్చు. ఇంట్లో వాడే ఫేస్‌వాష్‌లో ఉండే సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం లోపే. తేడా చూశారుగా! అందుకే క్లినిక్ పీల్‌ను ఆన్‌లైన్‌లో కొనుక్కుని ఇంట్లో ప్రయోగం చేయొద్దు. మన చర్మం రంగుకు ఎక్కువ మోతాదు పడితే నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి.

బ్లాక్‌హెడ్ తీయడం: శుభ్రమైన పరికరంతో చేస్తే వెంటనే తేడా కనిపిస్తుంది. అయితే క్రీమ్ వాడకపోతే మళ్లీ వస్తాయి.

గడ్డలోకి ఇంజెక్షన్: నొప్పిగా ఉన్న పెద్ద గడ్డలోకి చాలా తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇస్తే రెండు మూడు రోజుల్లో అణుగుతుంది. ఎక్కువైతే అక్కడ గుంట పడే అవకాశం ఉంది. నేర్పు ఉన్న చేతుల్లోనే చేయించుకోవాలి.

లేజర్, లైట్: నూనె గ్రంథిని టార్గెట్ చేసే 1726 నానోమీటర్ల లేజర్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2022లో క్లియరెన్స్ ఇచ్చింది. టెక్నాలజీ ముందుకు వెళ్తున్న మాట నిజమే. కానీ ఒక పాయింట్ గుర్తుంచుకోండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2024లో విడుదల చేసిన గైడ్‌లైన్స్‌లో బెంజాయిల్ పెరాక్సైడ్, రెటినాయిడ్లు, డాక్సీసైక్లిన్, తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినాయిన్‌లను గట్టిగా సిఫార్సు చేసింది. పీల్స్, లేజర్ల విషయంలో మాత్రం సిఫార్సు చేయడానికి తగినన్ని ఆధారాలు లేవని తేల్చింది. అంటే ఇవి మందులకు తోడుగా పనికొస్తాయేమో గానీ మందుల బదులు కాదు. మొదటి విజిట్‌లోనే మందు రాయకుండా లేజర్ ప్యాకేజీ చూపిస్తే కాస్త ఆగి ఆలోచించండి.

మచ్చ వేరు.. గుంట వేరు

మొటిమ పోయాక మిగిలే నల్లమచ్చ రంగు మాత్రమే. నెలలు పట్టినా చాలావరకు మసకబారుతుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ రాస్తే త్వరగా తగ్గుతుంది. చేతికి తగిలే గుంట మాత్రం చర్మం లోపలి నష్టం. దానికి క్రీములు పెద్దగా పనిచేయవు.

* సన్నగా, సూది గుచ్చినట్టు లోతుగా ఉంటే టీసీఏ క్రాస్ అనే యాసిడ్ చుక్క పద్ధతి
* అలల్లా పైకీ కిందికీ ఉంటే లోపలి తీగలను సూదితో తెంచే సబ్‌సిషన్
* వెడల్పుగా, అంచులు తెలిసేలా ఉంటే మైక్రోనీడ్లింగ్ లేదా ఫ్రాక్షనల్ లేజర్

ఒకే మొహం మీద మూడు రకాలూ ఉండొచ్చు కాబట్టి రెండు మూడు పద్ధతులు కలిపి చేస్తారు. గుంటలు లోతు తగ్గుతాయి, నునుపు పెరుగుతుంది. వంద శాతం మాయం చేస్తామంటే నమ్మొద్దు. కొత్త మొటిమలు పూర్తిగా అదుపులోకి వచ్చాకే ఈ ట్రీట్‌మెంట్ మొదలుపెట్టాలి. ఇటీవల ఐసోట్రెటినాయిన్ వాడి ఉంటే ఆ విషయం తప్పకుండా చెప్పాలి.

మెడికల్ షాప్ స్టెరాయిడ్ క్రీములతో డేంజర్

మన దగ్గర అసలు సమస్య ఇదే. 'తెల్లగా అవుతారు, మొటిమలు పోతాయి' అని చేతికిచ్చే ట్యూబుల్లో చాలావాటిలో బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. మొదటి వారం మొహం మెరుస్తుంది. అదే ఉచ్చు. వాడుతూ పోతే చర్మం పల్చబడుతుంది, ఎర్రటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొహంపై వెంట్రుకలు పెరుగుతాయి, కొత్తగా గుల్లలు వస్తాయి. ఆపితే మంట, ఎరుపు తిరగబెడతాయి. దాంతో మళ్లీ రాస్తారు.

కేంద్రం 2018లో 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చర్మవ్యాధుల డాక్టర్ల సంఘం ఐఏడీవీఎల్ కూడా ఈ క్రీముల దుర్వినియోగంపై ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ పెట్టింది. ట్యూబ్ వెనక ఎర్ర గీత, 'సోన్', 'సోల్' అని ముగిసే పేర్లు కనిపిస్తే మొహానికి రాసేముందు డాక్టర్‌ను అడగండి. ఇప్పటికే నెలల నుంచి వాడుతుంటే సొంతంగా ఒక్కసారే ఆపకుండా ట్యూబ్ తీసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

సరైన డాక్టర్‌ను ఎలా గుర్తించాలి?

బోర్డు మీద 'స్కిన్ అండ్ కాస్మెటిక్' అని ఉంటే సరిపోదు. ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ.. వీటిలో ఏదైనా ఉందా చూడండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. ప్యాకేజీ కొనలేమని ఆగిపోనక్కర్లేదు.

డాక్టర్‌ను ఈ ఐదు అడగండి:
1. నాకున్నది ఏ రకం మొటిమలు?
2. ఈ మందులో స్టెరాయిడ్ ఉందా?
3. ఫలితం ఎన్ని వారాల్లో తెలుస్తుంది?
4. ఎప్పుడు ఆపాలి, ఆపాక ఏం వాడాలి?
5. ఈ ప్రొసీజర్ చేయించుకోకపోతే నష్టమేంటి?

ఆలస్యం చేయకూడని లక్షణాలు: ఉన్నట్టుండి మొటిమలు పుండ్లుగా మారి జ్వరం, కీళ్ల నొప్పులు రావడం.. ముక్కు, పైపెదవి దగ్గర మొటిమ గిల్లాక వాపు కంటి వైపు పాకడం.. ఇవి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మొటిమల వల్ల కాలేజీకి వెళ్లడం మానేసినా, నలుగురిలోకి రాలేకపోయినా అది కూడా చికిత్సకు తగిన కారణమే. 'వయసు వస్తే అవే పోతాయిలే' అని పిల్లల్ని ఆపొద్దు. గుంటలు పడకముందు ఇచ్చే క్రీమ్ ఖర్చు.. పడ్డాక చేయించే లేజర్ ఖర్చు ముందు చాలా తక్కువ.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఇందులో చెప్పిన ఏ మందునైనా డాక్టర్ సలహా లేకుండా మొదలుపెట్టొద్దు, ఆపొద్దు.