చిన్న గొంతు పియానోకు మైకు దొరికింది

1785 మార్చిలో వియన్నాలో కొడుకు ఇంట్లో ఉన్న లియోపోల్డ్ మొజార్ట్ కూతురికి ఒక ఉత్తరం రాశాడు. తాను వచ్చిన దగ్గర్నుంచీ తమ్ముడి పియానోను కనీసం పన్నెండుసార్లయినా ఇంట్లోంచి బయటికి మోసుకెళ్ళారని, ఒకసారి నాటకశాలకైతే ఇంకోసారి ఎవరింటికో అని అందులో ఉంది. ఇవాళ కచేరీ వేదిక మీద కనిపించే పెద్ద స్టైన్‌వే బరువు సుమారు 480 కిలోలు. దాన్ని చూసినవాళ్ళకు ఈ ఉత్తరం ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. మొజార్ట్ పియానో మాత్రం సుమారు 85 కిలోలే. నలుగురు కలిస్తే ఎత్తి బండిలో పెట్టేయవచ్చు.

వియన్నాలో పేరున్న ఆంటన్ వాల్టర్ చేసిన వాద్యం అది. మొజార్ట్ 1782 ప్రాంతంలో కొన్నాడు. 1791లో ఆయన పోయాక భార్య కాన్‌స్టాంజా దగ్గర కొన్నేళ్ళుండి, తర్వాత మిలాన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న పెద్దకొడుకు కార్ల్ థామస్‌కు చేరింది. తండ్రి శతజయంతి సంవత్సరం 1856లో కార్ల్ దాన్ని సాల్జ్‌బర్గ్‌కు ఇచ్చేశాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ పియానో మీదే అమెరికన్ విద్వాంసుడు రాబర్ట్ లెవిన్ మొజార్ట్ సొనాటాలన్నీ వాయించగా, ఈసీఎం సంస్థ 2022లో ఏడు సీడీలుగా విడుదల చేసింది.

ఇలాంటి రికార్డింగులను మ్యూజియం సరుకుగా చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది అన్యాయమని నా అభిప్రాయం. మొజార్ట్, హైడన్, బీథోవెన్, షూబర్ట్ కాగితం మీద రాసిన గుర్తుల్లో చాలావాటికి అసలు అర్థం ఈ వాద్యాల మీదే వినపడుతుంది.

వాల్టర్ పియానోలో ఇనుప చట్రం లేదు, ఒళ్ళంతా కర్రే. మెట్లు 61, అంటే అయిదు స్థాయులు. ఇప్పటి పియానోకు 88. తీగలు సన్నం, బిగువు తక్కువ. సుత్తులు చాలా చిన్నవి, వాటికి దట్టమైన ఉన్ని ఫెల్ట్ బదులు తోలు తొడుగుతారు. మెట్టు ఇప్పటి పియానోలో దిగే లోతులో సుమారు సగమే దిగుతుంది. వేలు కాస్త తగిలితే చాలు, సుత్తి వెళ్ళి తీగను తాకి వచ్చేస్తుంది. ప్రతి స్వరమూ మాటలో హల్లు పలికినట్టు స్పష్టంగా మొదలై, వెంటనే సన్నగిల్లడం ప్రారంభిస్తుంది. మంద్రస్థాయిలో తీగ గరగరలాడుతూ పలుకుతుంది, తారస్థాయి సన్నగా గలగలమంటుంది. ఇప్పటి పియానో తయారీదార్లు కింది నుంచి పై దాకా ఒకే నునుపు రావాలని నూరేళ్ళకు పైగా శ్రమించారు. ఆనాటి వాద్యంలో ఎడమచేయీ కుడిచేయీ రెండు వేర్వేరు గొంతులు. అందువల్లే మొజార్ట్ ఎడమచేతికి కింది స్థాయిలో దగ్గరదగ్గరగా రాసిన స్వరాలు కూడా ముద్దకట్టవు.

మొజార్ట్ రాతలో రెండు మూడు స్వరాలను కలుపుతూ చిన్న చిన్న వంపుగీతలు కనిపిస్తాయి. మొదటి స్వరం మీద ఒత్తు, తర్వాతిది తేలిక, ఆపైన చిన్న ఊపిరి. నాదం తొందరగా తగ్గే వాద్యం మీద ఈ పలుకుబడి దానంతటదే వస్తుంది. ఇప్పటి పియానోలో నాదం చాలాసేపు నిలుస్తుంది కనుక ఆ ఊపిరి తెగ్గొట్టినట్టు వినిపిస్తుంది. అందుకని పంతొమ్మిదో శతాబ్దపు ప్రచురణకర్తలు ఆ చిన్న గీతలు తీసేసి వాటి చోట పొడుగాటి గీతలు అచ్చువేశారు. తరాల తరబడి విద్యార్థులు మొజార్ట్ రాయని పొడుగాటి వాక్యాలను మొజార్ట్ అనుకుని సాధన చేశారు.

ఈ పియానోలు మూలపడటానికి పెద్ద కారణం గది. సంగీతం రాజప్రాసాదాల గదుల్లోంచి, ఇళ్ళ హాళ్ళలోంచి టికెట్టు కొని వచ్చే వేలమంది ముందుకు జరిగింది. చివరి వరసకు వినపడాలంటే తీగ బిగువు పెరగాలి, ఆ బిగువును కర్ర ఓర్చుకోదు. 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఇనుప చట్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1859లో న్యూయార్క్‌లో స్టైన్‌వే వారు గ్రాండ్ పియానోలో మంద్రస్థాయి తీగలను మిగతావాటి మీదుగా ఏటవాలుగా పరిచే పద్ధతికి పేటెంటు పొందారు. పాతవి అటకలెక్కాయి, అద్దాల గదులకు చేరాయి.

మైక్రోఫోను వచ్చాక ఈ లెక్క మారింది. మైకుకు వెయ్యి కుర్చీల అవతలి శ్రోతతో పని లేదు. వాద్యానికి నాలుగడుగుల దూరంలో నిలబడి అది పలికినంతా పట్టుకుంటుంది. దాన్ని మనం ఇంట్లో, చిన్న గదిలో, తక్కువ చప్పుడుతో వింటాం. ఈ సొనాటాలు పుట్టిందీ దాదాపు అలాంటి చోటే, కొద్దిమంది మధ్య. కచేరీ హాలు బయటికి నెట్టిన వాద్యాన్ని లోపలికి పిలిచింది రికార్డింగే.

అమెరికాలో ఈ దారి పట్టినవాళ్ళలో ముందు చెప్పవలసిన పేరు మాల్కమ్ బిల్సన్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పియానో నేర్పే బిల్సన్‌కు 1969లో ఫిలిప్ బెల్ట్ అనే తయారీదారు చేసిన పాత నమూనా పియానో ఎదురైంది. మొదట అది చేతికి లొంగలేదని, కొన్ని రోజులయ్యాక కాగితం మీద కనిపించేదంతా వేళ్ళకు వస్తోందని తెలిసిందని ఆయనే చెప్పారు. 1980లలో జాన్ ఎలియట్ గార్డినర్ వాద్యబృందంతో కలిసి మొజార్ట్ కాన్సర్టోలు, ఆ తర్వాత సొనాటాలు రికార్డు చేశారు. అటు వియన్నాలో పాల్ బదురా-స్కోడా పాత పియానోలను సొంతంగా సేకరించి, 1970ల చివర్నుంచి పదేళ్ళకు పైగా వాటి మీద బీథోవెన్ 32 సొనాటాలూ వాయించారు. అవే సొనాటాలను అంతకుముందే ఇప్పటి పియానో మీద కూడా రికార్డు చేసి ఉన్నారాయన.

బీథోవెన్ దగ్గరికి వస్తే కథ చిక్కబడుతుంది. 1801 నాటి మూన్‌లైట్ సొనాటా మొదటి భాగం మొదట్లోనే ఒక సూచన ఉంది: భాగమంతా చాలా సున్నితంగా, డ్యాంపర్లు లేకుండా వాయించాలని. అంటే తీగల నాదాన్ని ఆపే దిమ్మెలను ఎత్తి ఉంచి, మొదట్నుంచీ చివరిదాకా దించకూడదు. ఇప్పటి పియానో మీద అక్షరాలా ఇలా చేస్తే నాలుగు లయావృత్తాలు గడవకముందే స్వరాలన్నీ కలిసి మురికి నీళ్ళవుతాయి. కాబట్టి అందరూ స్వరసంగతి మారినప్పుడల్లా పెడల్ మారుస్తారు. వాల్టర్ తరహా పియానోలో మోకాలితో పైకి నెట్టే మీట ఉంటుంది. దాన్ని ఎత్తి పట్టుకుని మెల్లగా వాయిస్తే, పాత స్వరం కొత్త స్వరం వెనక నీడలా నిలిచి తొందరగా కరిగిపోతుంది. రొనాల్డ్ బ్రౌటిగమ్ అనే పియానో విద్వాంసుడి రికార్డింగులో ఈ భాగం విన్నవారికి బీథోవెన్ సూచన తప్పిదమని ఎందుకనుకున్నామా అనిపించక మానదు.

1816లో రాసిన ఓపస్ 101 సొనాటా నెమ్మది భాగంలో ఒక్క తీగతో అని రాసి, తర్వాత క్రమంగా మరిన్ని తీగలతో అన్నాడు. ఆనాటి పియానోలో పెడల్ నొక్కితే మెట్ల వరస పక్కకు జరిగి, సుత్తి మూడు తీగలకు బదులు రెండింటికి, ఇంకా నొక్కితే ఒక్కదానికి తగిలేది. ఇప్పటి గ్రాండ్ పియానోలో అంత దూరం జరగదు. అక్కడ ఒక్క తీగ అన్న మాటను పాటించడానికి దారే లేదు.

అలాగని బీథోవెన్ సొనాటాలన్నిటికీ ఒకే పాత పియానో సరిపోదు. తొలి సొనాటాలు అయిదు స్థాయుల వియన్నా పియానోకు రాసినవి. 1803లో పారిస్ నుంచి ఎరార్ పియానో వచ్చింది, పైన స్వరాలు పెరిగాయి. వాల్డ్‌స్టైన్, అపాషనాటా సొనాటాలు ఆ తర్వాతివి. 1817 చివర్లో లండన్ నుంచి థామస్ బ్రాడ్‌వుడ్ ఆరు స్థాయుల పియానో కానుకగా పంపాడు. అది ట్రియెస్ట్ రేవు మీదుగా వియన్నా చేరింది. తర్వాత లిస్ట్ చేతికి వచ్చి, చివరికి బుడాపెస్ట్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. ఆఖరి రోజుల్లో కాన్రాడ్ గ్రాఫ్ పియానో. అందుకే 1994లో బిల్సన్ ఆరుగురు శిష్యులూ సహచరులతో న్యూయార్క్‌లో 32 సొనాటాలూ వినిపించినప్పుడు, తర్వాత సీడీలు చేసినప్పుడు వేర్వేరు పియానోలు వాడారు.

అసలు వాద్యమా, దాన్ని చూసి కొత్తగా చేసిందా అన్న వాదం ఎప్పుడూ ఉంటుంది. రెండువందల ఏళ్ళ కర్ర వంగుతుంది, తోలు గట్టిపడుతుంది, గది కొంచెం వేడెక్కితే శృతి జారుతుంది. మోకాలి మీట చప్పుడు మైకు వదిలిపెట్టదు. మొజార్ట్ సొంత పియానో విషయంలోనూ ఆయన పోయాక లోపలి సుత్తుల అమరికను మార్చారని వాదించే పరిశోధకులున్నారు. అందువల్ల బ్రౌటిగమ్ లాంటివారు చెక్ దేశంలోని దివిషోవ్ గ్రామంలో పనిచేసే పాల్ మెక్‌నల్టీ కొత్త వాద్యాలను ఎంచుకున్నారు. మొజార్ట్ కొన్నది కూడా కొత్త పియానోయే కదా! ఈ వాదంలో నా మొగ్గు మెక్‌నల్టీ వైపు. అయినా లెవిన్ రికార్డింగులో ఆ పాత తీగలు పలికే తీరును వదులుకోమంటే నేను ఒప్పుకోను.

వాద్యంతో పాటు గదిని కూడా వెనక్కి తేవాలనుకున్నాడు పియానో విద్వాంసుడు టామ్ బెగిన్. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం బృందంతో కలిసి హైడన్ కీబోర్డు రచనలన్నిటినీ ఏడు వాద్యాల మీద, తొమ్మిది గదుల ధ్వనిలో రికార్డు చేసి 2009లో విడుదల చేశాడు. హంగరీలోని ఎస్తర్‌హాజా భవనం, ఆక్స్‌ఫర్డ్‌లోని హోలీవెల్ సంగీతశాల లాంటి చోట్ల ధ్వని ఎలా ప్రతిధ్వనిస్తుందో ముందే కొలిచి పెట్టుకున్నారు. ప్రయోగశాలలో బెగిన్ చుట్టూ స్పీకర్లు అమర్చి, ఆయన వాయిస్తుండగానే ఆ గది జవాబు ఆయనకు వినిపించేట్టు చేశారు. గది ఎక్కువసేపు మోగితే వాయించేవాడు ఆగుతాడు, పొడిగా ఉంటే కలుపుతాడు. ఆ మార్పు రికార్డులో తెలుస్తుంది.

బెగిన్ ఇలాంటిదే మరో ప్రయోగం కూడా చేశాడు. 1820లో చెవి దాదాపు పనిచేయని బీథోవెన్ తన బ్రాడ్‌వుడ్ మీద అమర్చుకోవడానికి ఒక శ్రవణయంత్రం చేసిపెట్టమని ఆండ్రియాస్ స్టైన్ అనే తయారీదారును అడిగాడు. బెగిన్ అలాంటి యంత్రాన్ని మళ్ళీ చేయించి, క్రిస్ మేన్ చేసిన బ్రాడ్‌వుడ్ ప్రతిరూపం మీద పెట్టి, చివరి మూడు సొనాటాలనూ రికార్డు చేశాడు.

కొత్తగా వినాలనుకునేవారికి నా సలహా షూబర్ట్ ఆఖరి సొనాటా, బీ ఫ్లాట్. పియానో విద్వాంసుడు ఆంద్రాష్ షిఫ్ దాన్ని డెక్కా సంస్థకు బోసెండార్ఫర్ మీద వాయించారు. తర్వాత 1820 ప్రాంతపు ఫ్రాంజ్ బ్రాడ్‌మన్ పియానో మీద ఈసీఎంకు వాయించారు, అది 2015లో వచ్చింది. మనిషి ఒకరే, రచన ఒకటే. మొదట్లోనే మంద్రస్థాయిలో అతి మెల్లగా వచ్చే కంపితాన్ని రెండింటిలోనూ వరసగా వినండి. బోసెండార్ఫర్‌లో అది దూరపు ఉరుము. బ్రాడ్‌మన్‌లో అందులోని ఒక్కో స్వరాన్నీ లెక్కపెట్టవచ్చు.