మందల మరణమునకొక మర్యాద

అంటురోగము ప్రబలినపుడు సోకిన పశువును, సోకెనని శంకింపబడిన పశువును చంపి పూడ్చి తక్కిన మందలను కాపాడుట ఐరోపాఖండమున మూడువందల యేండ్లనాటి రాజనీతి. కాని ఆ చంపుట యెట్లు జరుగవలెను, నోరులేని ప్రాణికి బాధ కలుగకుండ ప్రాణము తీయుట యెట్లు అను విచారము ఆ నీతివెంట చాల ఆలస్యముగా వచ్చినది. ఆ విచారమునందైనను ఎద్దునకు దక్కిన శ్రద్ధ గొఱ్ఱెకును మేకకును దక్కుటకు మఱికొంత కాలము పట్టినది. ఈ ఆలస్యమునకు చెల్లింపబడిన మూల్యమెట్టిదో ఇంగ్లండు దేశచరిత్రలో, విశేషించి 2001వ సంవత్సరపు గాలికుంటు ఉపద్రవములో, స్పష్టముగా కానవచ్చును.

పదునెనిమిదవ శతాబ్ది ఆదిని ఇటలీలో రిండర్‌పెస్టు అను ముసర వ్యాధి మందలను తుడిచిపెట్టుచుండగా, పోపు పదునొకండవ క్లెమెంటునకు వైద్యుడైన లాన్సిసి, సోకిన పశువులను వధించుటకంటె గత్యంతరము లేదని చెప్పెను. 1714లో ఆ వ్యాధియే లండను పరిసరములందలి పాడిమందలను పట్టినపుడు, మొదటి జార్జి రాజు పరివారమునందలి శస్త్రవైద్యుడు థామస్ బేట్సు పశువులను చంపించి కాల్పించుటయేగాక, తల యొకటికి 40 షిల్లింగుల పరిహారము నిప్పించెను. పరిహారము లేనియెడల రైతు రోగమును దాచునని, దాచిన రోగము ఊరంతయు ప్రాకునని గ్రహించిన వాని బుద్ధికి నేటికిని నమస్కరింపవలసినదే. 1865లో ముసర వ్యాధి మరల దిగుమతి కాగా, మరుసటి సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు నిర్బంధ వధను శాసనముగా చేసెను. ఆ కాలపు శాసనకర్తల దృష్టి అధికారముమీదను, సొమ్ముమీదను, గోతి లోతుమీదను నిలిచినంతగా చంపు చేతిమీద నిలువలేదు.

ఆ చేతికి తగిన పనిముట్టు ఇరువదవ శతాబ్దమునగాని అమరలేదు. తూటా పేలగనే గొట్టములోని ఉక్కు కడ్డీ ముందుకు దూకి, కపాలమును ఛేదించి, తిరిగి గొట్టములోనికే పోవు పిస్తోలును జర్మనీలోను, పిమ్మట ఇంగ్లండులోను నిర్మించిరి. జంతువులయెడ దయగల పౌరులు 1911 మొదలు సంఘములుగా కూడి, దీనిని కబేళాలలో తప్పనిసరి చేయుడని పోరాడిరి. 1933లో శాసనము వచ్చెను. కాని స్పృహ తప్పించినపిమ్మటనే వధింపవలెనను ఆ నియమము గొఱ్ఱెల విషయమున స్థానిక సంస్థల యిష్టమునకు విడువబడెను. ఒక ఊరిలో దయకు పాత్రమైన ప్రాణి పొరుగూరిలో అపాత్రమగుట యే ధర్మమో నాకు బోధపడదు.

2001 ఫిబ్రవరి 20న ఎసెక్సు మండలమునందలి యొక కబేళాలోని పందులయందు గాలికుంటు నిర్ధారింపబడెను. అప్పటికే ఉత్తరమున హెక్సమ్, లాంగ్‌టౌన్ సంతల ద్వారమున రోగము గొఱ్ఱెలతో దేశము నలుమూలలకును పోయియుండెను. ఆవునందును ఎద్దునందును నోటి చొంగ, కాలి పుండు రోగమును చాటును. గొఱ్ఱెయందు అది రెండుమూడు నాళ్ల కుంటితనమై, ఎవరి కంటను బడకయే మాసిపోవును. అందువలన సోకిన దొడ్డిని 24 గంటలలోను, దానినంటిన పొరుగు దొడ్లను 48 గంటలలోను నిర్మూలింపుడని ఆజ్ఞ వెలువడెను. ఆ సంవత్సరము నేలగూలిన పశువులు 60 లక్షలకు మించినవి. అందు మిక్కిలి భాగము గొఱ్ఱెలే. కంబ్రియాలోని గ్రేట్ ఆర్టన్ విమానాశ్రయపు కందకములలో 4.5 లక్షలకు పైగా కళేబరములు పూడ్చబడెను. అది గొఱ్ఱెలు ఈను ఋతువు. రాకపోకలు నిషేధింపబడుటచేత, శీతకాలపు మేతకై దూరమునకు తోలబడిన సూడి గొఱ్ఱెలు మేత లేక, ఇల్లు చేరలేక, బురదలోనే ఈనుచుండెను. రోగమేమియు సోకకున్నను ఈ దుర్దశనుండి తప్పించుటకే చంపబడినవి 20 లక్షలకు పైబడినవి.

ఈ పని సరిగా జరుగుటకు కావలసిన నేర్పు సామాన్యమైనది కాదు. గొఱ్ఱె ఒంటరియైన బెదరును; కావున తడికల దొడ్డిలో కొన్నిటిని కలిపియే నిలుపవలెను. కొమ్ములులేని దానికి నడినెత్తిన మిక్కిలి ఎత్తైన చోట పిస్తోలు ఆనించి గొంతువైపునకు సూటిగా పేల్చవలెను; కొమ్ముల పొట్టేలునకును మేకకును అచ్చటి యెముక దళసరి గనుక, కొమ్ముల వెనుకనుండి గడ్డమువైపునకు గురి చూడవలెను. దెబ్బతో స్పృహ తప్పునుగాని ప్రాణము పోయెనని నమ్మరాదు. కబేళాలోనైన గొంతు కోయుదురు. రోగకాలమున నెత్తురు చిందరాదు గనుక, కపాలరంధ్రమున సన్నని కడ్డీని చొప్పించి మెదడును నశింపజేయవలెను. గొఱ్ఱెపిల్లలకును మేకపిల్లలకును నిద్రమందును అధికమాత్రలో సూదితో ఎక్కింతురు. కనుగ్రుడ్డును వ్రేలితో తాకినపుడు రెప్ప కదలకుండుట, ఊపిరి నిలిచిపోవుట చూచినగాని తరువాతిదానిని ముట్టరాదు. ఎడతెగక పేల్చినచో పిస్తోలు వేడెక్కి బలము తగ్గును. చేయి అలసినను గురి తప్పును. రోజునకు వేలకొలది మందను ముగింపుమని గడియారము తరుముచుండగా ఇవన్నియు నిలుచుట యెట్లు? వేల్సులో తెఱపి పొలమున పరుగెత్తు గొఱ్ఱెలను దూరమునుండి తుపాకులతో కాల్చిన దృశ్యము చిత్రింపబడి లోకమునకు తెలిసినది. నేర్పరులును దయాళువులునైన పశువైద్యులు అనేకులు కన్నీటితో తమ ధర్మము నెఱవేర్చినమాటయు నిజమే. తప్పు సన్నాహము లేకుండ ఆజ్ఞ యిచ్చిన యేలికలది.

హాలండులో 2009 డిసెంబరునందు మఱియొక విధమైన పరీక్ష వచ్చెను. మేకలనుండి మనుష్యులకంటు క్యూజ్వరము మూడేండ్లలో మూడువేలకు మించిన జనమును పీడింపగా, సోకిన దొడ్లలోని సూడి మేకలనన్నిటిని చంపుటకు ప్రభుత్వము నిశ్చయించెను. అచ్చట 50 వేలకు పైగా మేకలకు ముందు మత్తు సూది, పిదప ప్రాణాంతకమైన సూది పశువైద్యులే వేసిరి. టీకా మునుపే విరివిగా వేసియుండినచో ఆ కడుపుతో నున్న మేకలలో ఎన్నియో బ్రతికియుండెడివని నా నిశ్చయము. కాని చంపవలసివచ్చిన పిమ్మట అవలంబించిన రీతి మాత్రము బ్రిటనులోని తొందరకంటె మేలైనది.

మన దేశమున గొఱ్ఱెలకు మేకలకు వచ్చు పారుడు రోగము 1987లో తమిళదేశమున ఆరసూరు గ్రామమున మొదట గుర్తింపబడి, తెలుగు మండలములకును వ్యాపించెను. ఇచ్చట వధకు బదులు టీకామార్గమునే పట్టితిమి. అది మంచి యెన్నిక. అయినను 2009లో చేయబడిన పశువుల అంటువ్యాధుల నివారణ శాసనమునందు రోగపీడిత పశువునకు సుఖమరణము కల్పించు అధికారము కలదు. అధికారము కాగితముమీద నున్నంతమాత్రమున చాలదు. గొల్ల కురుమల మందలున్న ప్రతి మండలములోను ఆ పని నేర్చిన వైద్యుడు, సరియైన పనిముట్టు, నాడే చేతికందు పరిహారము, రోగము రాకముందే సిద్ధముగా నుంచవలెనని మన పశుసంవర్ధక శాఖలవారిని వేడుచున్నాను.