గుడారం పక్క బల్ల ఎందుకు కదలదు?

అమెరికాలో ఏ సరస్సు ఒడ్డున క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్లినా అమరిక దాదాపు ఒకటే. లోపలికి కార్లు ఒకవైపే వెళ్లే సన్నని దారి ఉంటుంది, అది చుట్టు తిరిగి మొదలైన చోటికే వస్తుంది. ఆ దారికి పక్కగా, ఏటవాలుగా చీలిన చిన్న పాయలో ఒక కారు పడుతుంది. పాయ చివర పెద్ద రాళ్లో, చెట్ల దుంగలో అడ్డంగా ఉంటాయి. వాటి అవతల గుడారం వేసుకునే చదును నేల, ఎత్తి పక్కన పెట్టలేని బరువైన బల్ల, నెగడు వేసుకోవడానికి బండి చక్రం పట్టాలా నేలలో పాతిన ఇనుప కట్టు. పక్క కుటుంబానికీ మనకూ మధ్య పొదల అడ్డం. గుంజ మీద ఒక నంబరు. జార్జియాలో అయినా, మిషిగన్‌లో అయినా, కాలిఫోర్నియాలో అయినా ఇదే.

ఈ నమూనాను గీసింది చెట్లకు వచ్చే జబ్బులను చదివిన ఒక శాస్త్రవేత్త. పేరు ఎమీలియో మైనెకీ. ఏటా లక్షలాది కుటుంబాలు ఆయన గీసిన గీతల మధ్యే నిద్రపోతున్నా, ఆయన పేరు తెలిసినవాళ్లు బహు తక్కువ. ఆయన కథ చెప్పాలంటే, జనం అసలు సరస్సుల దగ్గరికి ఎందుకు వెళ్లడం మొదలుపెట్టారో ముందు చెప్పుకోవాలి.

భార్యాబిడ్డలతో గుడారంలో కాపురం ఉండే అలవాటు అమెరికాలో భక్తి నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో మెథడిస్టు క్రైస్తవులు వేసవిలో తోటల్లో గుడారాలు వేసుకుని రోజుల తరబడి ప్రార్థన సభలు జరుపుకునేవారు. 1835లో మార్థాస్ విన్‌యార్డ్ ద్వీపంలో మొదలైన వెస్లియన్ గ్రోవ్ అలాంటిదే. మేడారం జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్లి, జంపన్నవాగు పక్కన డేరా వేసి, మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండుకున్న కుటుంబాలను ఎరిగిన మనకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. దేవుడి పేరు మీద ఇల్లు కదిలింది.

1874లో న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున, అప్పటికే ఇలాంటి సభలు జరిగే చోట, జాన్ విన్సెంట్, లూయిస్ మిల్లర్ అనే ఇద్దరు కలిసి సండే స్కూల్ ఉపాధ్యాయులకు వేసవి శిక్షణ పెట్టారు. ప్రార్థనలతో పాటు ఉపన్యాసాలు, సంగీతం, సైన్సు పాఠాలు చేరాయి. పగలు చదువు, సాయంత్రం సరస్సులో ఈత, పడవ షికారు, రాత్రి గుడారంలో నిద్ర. సరస్సు, కుటుంబం, సెలవు ఈ మూడూ ఒకచోట చేరిన తొలి విడిదుల్లో షటాక్వా ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఈ మిల్లర్ గారి కూతురు మీనాను 1886లో పెళ్లి చేసుకున్నది థామస్ ఎడిసన్. ఆ అల్లుడు ఈ కథలోకి మళ్లీ వస్తాడు.

ఇంచుమించు అదే కాలంలో ఒక పాదిరి జనాన్ని అడవి వైపు తిప్పాడు. బోస్టన్‌లోని పార్క్ స్ట్రీట్ చర్చిలో పనిచేసే విలియం ముర్రే 1869లో అడిరాండాక్ కొండల్లోని సరస్సుల మీద ఒక పుస్తకం రాశాడు. ఏ దారిన వెళ్లాలి, ఏమేం సర్దుకోవాలి, పడవ నడిపే మనిషిని ఎలా కుదుర్చుకోవాలి అన్నీ అందులో చెప్పాడు. నగరాల్లో అలసిపోయినవాళ్లకు, ఆడవాళ్లతో సహా, ఈ గాలి మందులా పనిచేస్తుందన్నాడు. ఆ వేసవిలోనే జనం రైళ్లెక్కి ఎగబడ్డారు. వానలు, కుట్టే ఈగలు, చాలని వసతులు చూసి చాలామంది తిట్టుకుంటూ తిరిగొచ్చారు. పత్రికలు వాళ్లను ముర్రే మూర్ఖులని ఎగతాళి చేశాయి. అయినా దారి పడింది. ఆ అడవి నాశనం కాకుండా న్యూయార్క్ రాష్ట్రం 1885లో దాన్ని రక్షిత భూమిగా ప్రకటించి, 1894లో రాజ్యాంగంలోనే రక్షణ రాసింది. ఒక చోటును జనం ప్రేమించడం, ఆ ప్రేమ బరువుకు ఆ చోటు నలగడం, దాన్ని కాపాడటానికి ఎవరో ఒకరు నియమం రాయడం క్యాంపింగ్ చరిత్రలో మళ్లీ మళ్లీ జరిగింది.

అయితే ముర్రే కాలంలో అడవి సరస్సు చేరాలంటే రైలు, గుర్రపు బండి, పడవ, దారి చూపే మనిషి, అన్నిటికీ డబ్బు కావాలి. సామాన్య కుటుంబాన్ని అక్కడికి చేర్చింది కారు. 1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది. 1920ల మధ్యకు దాని ధర 300 డాలర్ల లోపుకు దిగింది. 1915 ఆగస్టు 1న ఎల్లోస్టోన్ పార్కులోకి కార్లను అనుమతించారు. 1920లో ఆ దేశంలో 80 లక్షల కార్లుంటే, 1929కి 2 కోట్ల 30 లక్షలయ్యాయి.

ఆ రోజుల్లో ఎడిసన్, హెన్రీ ఫోర్డ్, టైర్ల కంపెనీ హార్వే ఫైర్‌స్టోన్, ప్రకృతి రచయిత జాన్ బరోస్ కలిసి వేసవుల్లో కార్ల మీద తిరుగుతూ గుడారాల్లో బస చేసేవారు. వెంట వంటవాళ్లు, సామాన్ల ట్రక్కులు. 1921లో మేరీల్యాండ్‌లో దేశాధ్యక్షుడు హార్డింగ్ కూడా వచ్చి ఎడిసన్, ఫోర్డ్, ఫైర్‌స్టోన్‌లతో కలిశాడు. పత్రికల్లో ఆ ఫొటోలు చూసిన జనం తమ కార్లకూ గుడారాలు కట్టుకున్నారు. ఫోర్డ్ కార్ల కోసం మిషిగన్‌లో కలప కోయగా మిగిలిన ముక్కలనుంచి చేసిన బొగ్గు దిమ్మలు తర్వాత కింగ్స్‌ఫర్డ్ పేరుతో ప్రసిద్ధికెక్కాయి. ఇవాళ్టికీ క్యాంప్‌గ్రౌండ్లలో గ్రిల్లు మీద మొక్కజొన్న కంకులు కాల్చుకునేది చాలాచోట్ల ఆ బొగ్గులతోనే. విచిటా నగరంలో డబ్ల్యూ.సి. కోల్‌మన్ 1914లో లాంతరును, 1923లో సూట్‌కేసులా మడిచే రెండు బర్నర్ల పొయ్యిని అమ్మకానికి పెట్టాడు.

కార్లలో వచ్చేవాళ్లకు ఊళ్లు మొదట ఉచితంగా జాగా ఇచ్చాయి. డెన్వర్‌లోని ఓవర్‌ల్యాండ్ పార్కు వాటిలో పేరుపడ్డది. రాత్రికి ఆగినవాడు పొద్దున బజారులో నాలుగు డబ్బులు ఖర్చు పెడతాడని వర్తకుల ఆశ. తర్వాత పని వెతుక్కుంటూ తిరిగే పేదలు కూడా అక్కడే మకాం వేయడంతో రుసుము పెట్టారు. క్రమంగా వాటి పక్కనే గదులు లేచి, అవే మోటళ్లకు దారితీశాయి.

అడవుల్లో మాత్రం వేరే ప్రమాదం పెరుగుతోంది. అక్కడ ఎవరి కారు ఎక్కడికైనా పోయేది. నీడ బాగున్న పెద్ద చెట్టు మొదట్లోకి కారును తోలి, దాని పక్కనే గుడారం కట్టి, నచ్చినచోట నిప్పు రాజేసేవారు. మర్నాడు ఇంకొకరు ఇంకో చెట్టు కింద. కొన్నేళ్లకు గడ్డి పోయింది, తర్వాత పొదలు, తర్వాత చిన్న మొక్కలు. పెద్ద చెట్లు మాత్రం నిలబడే ఉన్నాయి కాబట్టి అంతా బాగానే ఉందని చూసేవాళ్లు అనుకున్నారు.

మైనెకీ అటవీ శాఖకు వృక్ష రోగ నిపుణుడు. 1920లలో కాలిఫోర్నియా ప్రభుత్వం రెడ్‌వుడ్ పార్కుల్లో సందర్శకుల తాకిడి వల్ల ఏం జరుగుతోందో చూడమంటే ఆయన నేలను తవ్వి చూశాడు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన ఆ చెట్లకు తల్లివేరు లోతుగా దిగదు. నీళ్లు తాగే సన్నని పీచువేళ్లు నేల పైపొరలోనే పక్కలకు పాకుతాయి. అడుగులూ చక్రాలూ తొక్కితొక్కి ఆ పొర గట్టిపడితే మట్టి రేణువుల మధ్య ఖాళీలు మూసుకుపోతాయి. వాన నీరు ఇంకదు, గాలి ఆడదు, పీచువేళ్లు చస్తాయి. మాను మాత్రం వెంటనే పడదు. ఏళ్ల తరబడి నీరసించి, పై కొమ్మలు ఎండుతూ పోతుంది. ఆ హాని చేసిన కుటుంబం దాన్ని ఎప్పటికీ చూడదు. ఎవరూ గొడ్డలి ఎత్తలేదు, ఎవరూ చెడ్డవాళ్లు కారు, అయినా చెట్టు చచ్చిపోతుంది. ఈ సంగతి కనిపెట్టి చెప్పడంలోనే ఆయన గొప్పతనం ఉంది.

జనాన్ని రావద్దని ఆయన అనలేదు. 1932లో రాసిన క్యాంప్‌గ్రౌండ్ విధానంలో కారును కట్టేయమన్నాడు. ఒకవైపు దారి వేస్తే వెడల్పు తక్కువ చాలు, వెనక్కి తిప్పుకోవడానికి నేల తొక్కక్కర్లేదు. కారుకు ఏటవాలు పాయ ఇచ్చి రాళ్లు అడ్డం పెడితే అది దాటి రాదు. బల్లనూ పొయ్యినీ కదలకుండా పాతితే మనుషుల నడక కూడా కారు, గుడారం, బల్ల, నెగడు మధ్యే తిరుగుతుంది. తొక్కుడంతా అంతమేరకే పరిమితమై, చుట్టూ ఉన్న నేల వదులుగా బతుకుతుంది. మధ్యలో పొదలు వదిలేస్తే కుటుంబానికి మరుగు, వేళ్లకు రక్షణ. బల్ల కదలకపోవడానికి కారణం అదీ. దాన్ని లాక్కెళ్లి ఏ చెట్టు మొదట్లోనో వేసుకోకూడదు.

మంచి ఆలోచనలు చాలావరకు నివేదికల్లోనే ఉండిపోతాయి. దీనికి చేతులు దొరికాయి. 1933లో, మాంద్యం నడుస్తున్న రోజుల్లో, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పనిలేని యువకుల కోసం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పెట్టింది. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 ఇంటికి పంపాలి. 1942లో మూతపడేలోగా 30 లక్షల మంది దాకా అందులో పనిచేశారు. దారులు వేసినవాళ్లు, రాతి పొయ్యిలు కట్టినవాళ్లు, బల్లలు చెక్కినవాళ్లు వాళ్లే. మైనెకీ నమూనా వాళ్ల చేతుల మీదుగా దేశమంతా పాకింది. ఇంటికి పాతిక డాలర్లు పంపుతూ వాళ్లు కట్టిన రాతి కట్టడాలు చాలాచోట్ల ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

ఆ బల్లల దగ్గర అందరికీ చోటు లేదు. వర్జీనియాలోని షెనాండోవా జాతీయ పార్కులో నల్లజాతి వారికోసం 1939లో లూయిస్ మౌంటెన్ అనే వేరే విడిది తెరిచారు, ఆ వేర్పాటు 1950 వరకు నడిచింది. టెన్నెసీలో చికమాగా జలాశయం ఒడ్డున నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ పేరిట ఉన్న పార్కును కూడా నల్లజాతివారికే అని కట్టారు. పేరు గౌరవంగానే పెట్టారు, గీత మాత్రం గీశారు. చెట్ల కోసం గీసిన గీతకూ మనుషుల మధ్య గీసిన గీతకూ ఉన్న తేడా ఈ చరిత్ర చదివేవాళ్లు మరవకూడదు.

ఇక సరస్సుల సంగతి. ఇప్పుడు క్యాంప్‌గ్రౌండ్లున్న సరస్సుల్లో చాలా భాగం ఆనకట్టల వెనక నిలిచిన నీళ్లే. 1944లో వచ్చిన వరద నియంత్రణ చట్టం, ఆనకట్టలు కట్టే సైనిక ఇంజనీర్ల శాఖకు జలాశయాల ఒడ్డున పార్కులు కూడా కట్టి నడిపే అధికారం ఇచ్చింది. ఇవాళ ఆ శాఖ చేతిలో 400కు పైగా సరస్సులున్నాయి, అవి ఎక్కువగా నగరాలకు దగ్గరగానే ఉంటాయి. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయలుదేరి చీకటి పడేలోగా గుడారం వేసుకోగలగడం వాటివల్లే. ప్రైవేటు వాళ్లు కూడా వచ్చారు. 1962లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో డేవ్ డ్రమ్, సియాటిల్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లే కుటుంబాల కోసం ఎల్లోస్టోన్ నది పక్కన బల్ల, నెగడు, వేడినీళ్ల స్నానం పెట్టి కె.ఓ.ఎ. అనే క్యాంప్‌గ్రౌండ్ల సంస్థకు పునాది వేశాడు. 1969లో విస్కాన్సిన్‌లో కార్టూన్ ఎలుగుబంటి యోగి పేరుతో కుటుంబాల విడిది మొదలైంది.

అట్లాంటా ఉత్తరాన బ్యూఫర్డ్ ఆనకట్ట వెనక, 1950లలో నిండిన లేక్ లేనియర్ అలాంటి జలాశయమే. దాని పక్కనున్న కమింగ్, జాన్స్ క్రీక్, ఆల్ఫరెట్టా ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఎక్కువ. వేసవి శనివారం సాయంత్రం అక్కడి సైట్ల మధ్య నడిస్తే కోల్‌మన్ పొయ్యి మీద దోసె పెనం, స్టీలు డబ్బాలో పులిహోర, “బాబాయ్, కట్టెలు ఇంకో రెండు వేయవా” అని పిల్లల కేకలు. కార్తీక వనభోజనాల జాతి ఇది, చెట్టు కింద భోజనం మనకు నేర్పాల్సిన పనిలేదు. రాత్రి ఉండటమే కొత్త. రాత్రి పది దాటాక పాటలు ఆపమని పక్క సైటు వాళ్లు అడిగితే కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోవద్దని నా మనవి. గుడ్డ గోడల ఊళ్లో నిశ్శబ్దం అందరి ఉమ్మడి ఆస్తి.

కట్టెల విషయం ఇంకా ముఖ్యం. దూరం నుంచి కట్టెలు తేవద్దని, కాల్చే చోటే కొనమని బోర్డులుంటాయి. 2002లో డెట్రాయిట్ పరిసరాల్లో కనబడిన యాష్ చెట్లను తొలిచే పచ్చని పురుగు, కార్ల డిక్కీల్లో వెళ్లిన కట్టెలతో కూడా రాష్ట్రాలు దాటి కోట్లాది చెట్లను చంపింది. మైనెకీ చెప్పిన పాఠమే మళ్లీ: ఆ కట్టెల మోపు తెచ్చిన కుటుంబం చెట్టు చావడాన్ని చూడలేదు.

ఇప్పుడు మన దగ్గరా గుడారాలు లేస్తున్నాయి. కాకతీయుల నాటి లక్నవరం చెరువు, వికారాబాద్ దగ్గరి కోటిపల్లి జలాశయం, పెన్నా లోయ అంచున గండికోట, ఎక్కడ చూసినా వారాంతాల్లో టెంట్ల వరసలు కనబడుతున్నాయి. వెళ్లినవాళ్లు సంతోషంగా తిరిగొస్తున్నారు, అది మంచిదే. కానీ చాలాచోట్ల కారు ఎక్కడికి పోతే అదే దారి, నిప్పు ఎక్కడ పెడితే అదే పొయ్యి. రాయలసీమ, తెలంగాణ రాతి నేలల మీద మట్టి పొర అసలే పల్చన. అది ఒకసారి గట్టిపడితే తిరిగి వదులవడానికి ఎన్నో వానాకాలాలు పడుతుంది. పర్యాటక శాఖలు కొత్త విడిదికి అనుమతి ఇచ్చేముందు ఒక వృక్ష శాస్త్రవేత్తను పిలిచి నేల తవ్వి చూపించాలి. కారుకు అడ్డురాళ్లు, కదలని పొయ్యి, మధ్యలో పొదలు అనే మూడు షరతులు పెట్టాలి.  ఇవి లేని విడిదికి వెళ్లినప్పుడు నిర్వాహకులను అడగండి, మీ కారును మాత్రం చెట్టు మొదట్లో ఆపకండి.