ఏడు చేపల కథలో జీతగాడు

తెలుగు ఇళ్లల్లో పసిపిల్లలకు మొదట చెప్పే కథల్లో ఏడు చేపల కథ ఒకటి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెస్తారు, ఎండబెడితే ఒకటి ఎండదు. ఆ నేరం గడ్డిమోపు మీదికి, ఆవు మీదికి, ఆవును మేపనివాడి మీదికి, వాడికి బువ్వ పెట్టని అవ్వ మీదికి, అవ్వకు తీరిక లేకుండా ఏడ్చిన పసివాడి మీదికి పోయి, చివరికి చీమ దగ్గర ఆగుతుంది. ఆవును మేపేవాణ్ని కొందరు గొల్లవాడంటారు, కొందరు పాలేరంటారు. తెలంగాణ పల్లెల్లో ఆ పని చేసేవాడు జీతగాడు.

ఉదాహరణకు, హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే దారి మీద, హల్దీ వాగుకు దగ్గరగా ఉన్న తూప్రాన్ చుట్టుపక్కల సేద్యం చెరువుల మీద, వానల మీద ఆధారపడి ఉండేది. ఇలాంటి మెట్ట ప్రాంతాల్లో పసులను కాయడం ఎక్కువగా పిల్లల పనిగా ఉండేది. అప్పు తీర్చలేని తండ్రి కొడుకును దొర ఇంట్లోనో పెద్దరైతు ఇంట్లోనో జీతానికి పెట్టేవాడు. లెక్క సాధారణంగా ఉగాది నుంచి ఉగాదికి. పిల్లవాడి కూలి అప్పు వడ్డీలోకే జమయ్యేది, వాడి చేతికి దక్కేది తిండి. అందుకే కథలో జీతగాడు చెప్పే కారణం ఒక్కటే, అవ్వ బువ్వ పెట్టలేదని. అది సాకు కాదు, పని ఒప్పందం. నిజాం రాజ్యంలో ఈ అప్పు చాకిరీని భగేలా అనేవారు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం లెక్కించిన వెట్టి రూపాల్లో ఆ పేరూ ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లో పసులు కాసే కుర్రవాడు ఇంకా గడుసువాడు. కాశీకి తోడు రావాలంటే మజిలీకో కథ చెప్పాలని, తనను పిలిచిన యతికి షరతు పెడతాడు.

బాలనాగమ్మ కథ మరో బాధ చెబుతుంది. తల్లి చనిపోయాక సవతితల్లి మాట విని రాజైన తండ్రి ఏడుగురు ఆడపిల్లలను అడవిలో వదిలేస్తాడు. బుర్రకథగా ఊరూరా పాడిన ఈ కథను 1942లో జెమిని సంస్థ సినిమాగా తీసింది. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన హాన్సెల్, గ్రెటెల్ కథలో పిల్లలను అడవికి పంపమన్నది కన్నతల్లే. 1840 ముద్రణకు ఆమెను సవతితల్లిగా మార్చారు. ఫ్రాన్సులో పెరో 1697లో వెలువరించిన బొటనవేలంత పిల్లవాడి కథలోనూ కరువు పడ్డ తల్లిదండ్రులు పిల్లలను అడవిలో విడిచి వస్తారు. అంతకు కొద్దికాలం ముందే, 1693–94లో, ఆ దేశం ఘోరమైన క్షామం చూసింది. బాలింతలు ఎక్కువగా చనిపోయే రోజుల్లో మారుతల్లి అన్ని దేశాల్లోనూ కనిపించే మనిషే. కానీ గ్రిమ్ మార్పు చూస్తే, నింద మోయడానికి ఆమె ఎంత వీలుగా దొరికిందో తెలుస్తుంది. బాలనాగమ్మ కథలో ఆజ్ఞ ఇచ్చేది రాజు, చెడ్డపేరు మాత్రం రాణికి.

పుట్టిన పిల్లలు దక్కకపోవడం బతుకమ్మ పుట్టుక గాథలో ఉంది. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న రాజదంపతులకు కలిగిన కూతురిని బతకమని దీవించి ఆ పేరు పెట్టారని చెబుతారు. పిల్లలు దక్కని ఇళ్లల్లో బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తిరిగి తెచ్చుకుని, పెంటయ్య, పెంటమ్మ అని పిలవడం కూడా ఆ భయం వల్లే.

బడి దెబ్బలకు పాత సాక్షి ప్రహ్లాదుడు. గురువులైన చండామార్కుల అదిలింపు మొదలుకొని తండ్రి పెట్టిన హింస దాకా పోతన దాన్ని భాగవతంలో విస్తరించాడు. వీధిబడుల్లో పిల్లవాణ్ని తాడుకు వేలాడదీసే కోదండం శిక్ష మాత్రం పురాణం కాదు, నిన్నమొన్నటిది. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షను కింద పిల్లల ఒంటిని, మనసును బాధించే శిక్షలను నిషేధించింది. జీతాల నుంచి పిల్లలను విడిపించి బడిలో చేర్చే పనిని మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టింది. ఆ పనిని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది.