ఎస్. కె. త్రిమూర్తి: ఇండోనేషియా జాతీయోద్యమం, స్త్రీల స్వేచ్ఛ

1. ప్రవేశిక

వలస పాలన నుంచి విముక్తి పొందిన దేశంలో స్త్రీలకు కూడా విముక్తి లభించినట్లేనా? ఆసియా దేశాల ఆధునిక చరిత్రను చదివే విద్యార్థికి ఈ ప్రశ్న తప్పక ఎదురవుతుంది. దీనికి సమాధానం వెదకడానికి ఇండోనేషియా రచయిత్రి, పత్రికా సంపాదకురాలు, ఉద్యమకారిణి సురాస్త్రి కర్మ త్రిమూర్తి (1912–2008) జీవితం చక్కగా ఉపకరిస్తుంది. ఆమె అసలు పేరు సురాస్త్రి. కర్మ, త్రిమూర్తి అనేవి ఆమె కలం పేర్లు. ఈ మాటలు మనకు సుపరిచితమైనవే. జావా ద్వీపంలో సంస్కృత మూలం గల పేర్లు మతంతో నిమిత్తం లేకుండా వాడుకలో ఉన్నాయని విద్యార్థులు గమనించాలి.

2. నేపథ్యం

ఇండోనేషియాలో స్త్రీల సమస్యలపై చర్చ కార్తినితో (1879–1904) మొదలైందని సాధారణంగా చెబుతారు. జావా ఉన్నత వంశాల ఆచారం ప్రకారం కార్తిని పన్నెండేళ్ళ వయసులో చదువు మాని ఇంటికే పరిమితం కావలసి వచ్చింది. ఆడపిల్లల చదువు, బహుభార్యాత్వం గురించి డచ్చి మిత్రులకు ఆమె రాసిన లేఖలు మరణానంతరం 1911లో పుస్తకంగా వెలువడ్డాయి. బహుభార్యాత్వాన్ని నిరసించిన కార్తిని, అప్పటికే భార్యలున్న ఒక ప్రాంతాధికారిని వివాహమాడవలసి రావడం, తొలి కాన్పు తరువాత కొద్ది రోజులకే 25 ఏళ్ళ వయసులో మరణించడం ఆ కాలపు పరిమితులను తెలియజేస్తాయి. 1928 డిసెంబరులో యోగ్యకర్తలో జరిగిన మొదటి మహిళా మహాసభ నాటికి ఈ చర్చ వ్యక్తుల లేఖల నుంచి సంఘాల తీర్మానాల స్థాయికి ఎదిగింది.

3. ఉపాధ్యాయిని నుంచి ఉద్యమకారిణి

త్రిమూర్తి 1912 మే 11న మధ్య జావాలోని బోయొలాలిలో జన్మించారు. ఉపాధ్యాయ శిక్షణ పొంది ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశారు. సుకర్ణో ఉపన్యాసాలతో ప్రభావితురాలై 1933లో పార్టిండో అనే జాతీయవాద పార్టీలో చేరారు. వలస ప్రభుత్వ వ్యతిరేక కరపత్రాలు పంచినందుకు డచ్చి ప్రభుత్వం 1936లో ఆమెను అరెస్టు చేసింది. సెమరాంగ్‌లోని బులు జైలులో ఆమె తొమ్మిది నెలలు శిక్ష అనుభవించారు.

విడుదలైన తరువాత ఆమె పత్రికా రచనను ప్రధాన వృత్తిగా స్వీకరించారు. అధికారుల కన్ను తప్పించడానికే కలం పేర్లు వాడారు. 1938లో సహోద్యమకారుడు సయూతి మెలిక్‌ను వివాహమాడారు. దంపతులిద్దరూ కలిసి ‘పెసాత్’ అనే పత్రికను నడిపారు. తరువాత జపాను ఆక్రమణ ప్రభుత్వం ఆ పత్రికను నిషేధించింది.

4. కార్మిక శాఖ మంత్రిగా

1945 ఆగస్టు 17న ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది. ఆ ప్రకటనను టైపు చేసిన వ్యక్తిగా సయూతి మెలిక్ పేరు చరిత్రలో నిలిచింది. త్రిమూర్తి కార్మిక పార్టీలో పనిచేస్తూ మహిళా కార్మికుల విభాగానికి నాయకత్వం వహించారు. 1947 జూలైలో అమీర్ షరీఫుద్దీన్ మంత్రివర్గంలో దేశపు తొలి కార్మిక శాఖ మంత్రి అయ్యారు. డచ్చి సైన్యంతో యుద్ధం సాగుతున్న రోజులవి. ఆ మంత్రివర్గం 1948 జనవరిలో పడిపోయింది.

అదే సంవత్సరం వెలువడిన 12వ నంబరు కార్మిక చట్టం మహిళా కార్మికులకు ఋతుకాలంలో మొదటి రెండు రోజులు, కాన్పుకు ముందూ తరువాతా నెలన్నర చొప్పున సెలవు కల్పించింది. ఈ చట్టాన్ని ఏ ఒక్కరి ఘనతగానో చెప్పడం సరికాదు. అయితే కార్మికోద్యమంలో స్త్రీలు విడిగా సంఘటితం కాకపోతే ఇటువంటి నిబంధనలు చట్టంలోకి వచ్చేవా అని ఆలోచించాలి.

5. స్వాతంత్ర్యానంతర వైరుధ్యాలు

1950లో స్థాపించిన ‘గెర్విస్’ అనే మహిళా సంఘం వ్యవస్థాపకులలో త్రిమూర్తి ఒకరు. ఈ సంఘమే 1954లో ‘గెర్వానీ’గా మారి కమ్యూనిస్టు పార్టీకి సన్నిహితమైంది. కాలక్రమంలో త్రిమూర్తి దానికి దూరమయ్యారు. 41 ఏళ్ళ వయసులో ఆమె ఇండోనేషియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదవడానికి చేరారు. చదువు పూర్తి చేయడం కోసం 1959లో తనకు ఇవ్వజూపిన మంత్రి పదవిని సైతం తిరస్కరించారు.

1965 అక్టోబరులో సైనిక జనరల్స్ హత్య తరువాత, గెర్వానీ స్త్రీలు వారిని చిత్రహింసలు పెట్టారని సైన్యం అదుపులోని పత్రికలు ప్రచారం చేశాయి. శవపరీక్ష నివేదికలు ఈ కథనాలను బలపరచలేదు. అయినా ఆ సంఘం నిషేధానికి గురైంది. దాని సభ్యులెందరో విచారణ లేకుండా జైళ్ళలో మగ్గారు. తరువాత వచ్చిన సుహార్తో పాలన స్త్రీని ప్రధానంగా భార్యగా, తల్లిగా మాత్రమే చిత్రించింది. 1928 మహాసభ ప్రారంభమైన డిసెంబరు 22ను మాతృదినంగా జరపడం సుకర్ణో కాలం నుంచే ఉన్నా, ఆ రోజు వెనుక ఉన్న రాజకీయ చరిత్ర సుహార్తో పాలనలో మరుగున పడింది. 1974 వివాహ చట్టం బహుభార్యాత్వానికి షరతులు విధించిందే కాని రద్దు చేయలేదు.

త్రిమూర్తి మౌనంగా ఉండలేదు. సుహార్తోను విమర్శిస్తూ 1980లో ప్రముఖులు విడుదల చేసిన ‘యాభై మంది విజ్ఞాపన’పై ఆమె సంతకం చేశారు. సంతకం చేసినవారిపై ప్రభుత్వం ప్రయాణ నిషేధం వంటి ఆంక్షలు విధించింది.

6. ముగింపు

త్రిమూర్తి 2008 మే 20న జకార్తాలో మరణించారు. ప్రభుత్వం ఆమెకు కలిబాత వీరుల శ్మశానవాటికలో స్థానమిచ్చింది. డచ్చి, జపాను, స్వదేశీ ప్రభుత్వాలు మూడింటి ఆంక్షలనూ ఎదుర్కొన్న జీవితం ఆమెది. జాతీయోద్యమం స్త్రీలకు వేదికనిచ్చింది, చట్టంలో కొన్ని హక్కులనిచ్చింది. కాని కుటుంబంలో సమానత్వాన్ని దానంతట అది తీసుకురాలేదు. పొందిన హక్కులను, ఉద్యమ జ్ఞాపకాన్ని కూడా ప్రతి తరమూ తిరిగి కాపాడుకోవలసి ఉంటుందని ఈ చరిత్ర తెలియజేస్తున్నది.

స్వయం పరిశీలన ప్రశ్నలు

1. కార్తిని కాలం నుంచి 1928 నాటికి స్త్రీల సమస్యలపై చర్చ ఏ విధంగా మారింది?
2. 1948 కార్మిక చట్టంలోని స్త్రీలకు సంబంధించిన నిబంధనలను వివరించండి.
3. 1965 తరువాతి పరిణామాలు ఇండోనేషియా మహిళా ఉద్యమాన్ని ఎలా ప్రభావితం చేశాయి?